మల్బరీ వీధి దీపాల మండలం

లాస్ గార్సాస్ నగర కార్యాలయంలో నేను ముప్పై ఏళ్లు పనిచేశాను. అందులో ఇరవై రెండేళ్లు సిటీ క్లర్కుని. కౌన్సిల్ సమావేశాల్లో మేయరుకు ఎడమ పక్కన కూర్చుని ఎవరేమన్నారో రాసుకోవడం, తీర్మానాలకు నంబర్లు వెయ్యడం, ఓటుకు పేర్లు పిలవడం నా పని. ఆ కుర్చీలో కూర్చుంటే ఊరి కోపాలన్నీ వినబడతాయి. కుక్కల మీద ఫిర్యాదులు, చెత్త బళ్ల మీద ఫిర్యాదులు, పక్కింటి కంచె జానెడు ఇవతలికి జరిగిందన్న ఫిర్యాదులు. నేను ఎదురుచూసే సమావేశం మాత్రం ఏడాదికి ఒక్కటే ఉండేది. జూన్ నెల రెండో మంగళవారం, మల్బరీ వీధి వాళ్ల విచారణ.

మల్బరీ వీధిలో నలభై ఆరు ఇళ్లు. ఆ ఇళ్లవాళ్లు ఆస్తి పన్నుతో పాటు ఏటా ఇంకొంచెం అదనంగా కట్టేవారు. ఆ డబ్బు ఆ వీధి దీపాలకూ, ఆ వీధి చెట్లకూ తప్ప ఇంకెక్కడా ఖర్చు పెట్టకూడదు. కాగితాల్లో దానికి బారెడు పేరుంది. జనం దీపాల మండలం అనేవారు. ఆ అదనపు పన్ను కొనసాగాలంటే చట్టప్రకారం కౌన్సిల్ ప్రతి ఏడాదీ బహిరంగ విచారణ జరపాలి, అభ్యంతరాలు అడగాలి, ఆ తర్వాతే ఆమోదించాలి. ఊళ్లో అలాంటి మండలాలు ఇంకో నాలుగున్నాయి. వాటి విచారణలకు ఈగ కూడా వాలేది కాదు. మల్బరీ వీధి మాత్రం వీధి మొత్తం కదిలి వచ్చేది.

సాయంత్రం ఆరు దాటాక, ఎండ ఇంకా రోడ్ల మీద ఉండగానే, వాళ్లు నడుచుకుంటూ వచ్చేవారు. మగవాళ్లవి ఇస్త్రీ చొక్కాలు. పిల్లలకు తడి జుట్టు పాపిడి తీసి దువ్వి ఉండేది. అరికాళ్లు మాత్రం ఊదా రంగులో ఉండేవి, ఎందుకంటే జూన్‌లో ఆ వీధంతా రాలిన మల్బరీ పళ్లే. ముందు నడిచేది అరాక్సీ బోయాజియన్. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆ మండలాన్ని పుట్టించింది ఆవిడే.

విచారణ ఎప్పుడూ ఒకేలా జరిగేది. మేయరు అభ్యంతరాలున్నాయా అని అడిగేవాడు. వెనక వరసలోంచి ఒక పొడవాటి మనిషి లేచి, టోపీ తీసి చేత్తో పట్టుకుని మైకు దగ్గరకు వచ్చేవాడు. "నా పేరు డెల్బర్ట్ స్ట్రౌడ్, పద్దెనిమిదో నంబరు ఇల్లు. నాకు వెలుగు కావాలంటే మా వరండా లైటు నేనే వేసుకుంటాను. దానికి పన్నెందుకు? అభ్యంతరం." అంతే. ఏటా అవే మాటలు. కౌన్సిల్ అయిదుకు అయిదు ఓట్లతో ఆమోదించేది. ఆ తర్వాత అందరూ నడిచి మల్బరీ వీధికి తిరిగి వెళ్లి అరాక్సీ ఇంటి ముందు గడ్డిలో బల్లలు వేసుకుని తినేవారు. ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టి వండినవి ఆవిడ పళ్లాల కొద్దీ చేసేది. పుచ్చకాయలు మోసుకొచ్చేది డెల్బర్ట్. అభ్యంతరం చెప్పినవాడికే మొదటి పళ్లెం అని అరాక్సీ రూలు పెట్టింది.

నేను కొత్తగా చేరిన ఏడాది ఆవిడ విచారణ కాగానే నా బల్ల దగ్గరకు వచ్చింది. ఎవరి పిల్లవని అడిగింది. పాడి పశువుల సిల్వేరాల అమ్మాయిని, పేరు ఇల్డా అని చెప్పాను.

"మీ నాన్న మా కాలవ గట్టున గడ్డి కోసుకునేవాడు. పద, మా ఇంట్లో తిని వెళ్దువుగాని," అంది. పిలిచినట్టు లేదు, తీర్మానం చదివినట్టుంది. ఆ ఏటి నుంచి నేను కూడా కాగితాలు సర్దేసి వాళ్ల వెనకే నడిచేదాన్ని.

ఆ గడ్డిలో కూర్చునే ఈ మండలం పుట్టిన కథ విన్నాను. అప్పట్లో ఊరి చివర పీచ్ పళ్లను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ ఉండేది. మల్బరీ వీధి ఆడవాళ్లలో సగంమంది అందులో పళ్లు కోసేవాళ్లు, గింజలు తీసేవాళ్లు. రెండో షిఫ్టు రాత్రి పదకొండుకి వదిలేవారు. వీధిలో దీపమన్నది లేదు, ఒక పక్క కాలవ. భయం తెలియకుండా ఉండటానికి వాళ్లు పాటలు పాడుకుంటూ వచ్చేవారట. డెల్బర్ట్ భార్య నాడీన్‌ది మంచి గొంతు, ఆవిడ ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారు. ఒక రాత్రి ఒకామె గట్టు కనబడక కాలవలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. మర్నాడే అరాక్సీ నగర కార్యాలయానికి వెళ్లింది. నగరం దగ్గర డబ్బు లేదన్నారు. వీధివాళ్లే పెట్టుకుంటామంటే చట్టంలో దారి ఉందన్నారు. ఆవిడ చంకలో నోటు పుస్తకం పెట్టుకుని నలభై ఆరు గడపలూ ఎక్కింది.

డెల్బర్ట్ ఒక్కడే సంతకం పెట్టలేదు. "లైటు తొడిగినంత మాత్రాన పన్ను పన్ను కాకుండా పోతుందా?" అన్నాడట. నాడీన్ వారం రోజులు అతనితో మాట్లాడలేదు. ఆ వారం డెల్బర్ట్ తన గుడ్లు తనే వేయించుకున్నాడని చెప్పి అరాక్సీ నవ్వేది. అతను కూడా ఎదురుగా కూర్చుని పుచ్చకాయ గింజలు ఉమ్ముతూ, మాడిపోయినవి తిన్నానని ఒప్పుకునేవాడు.

అలా డెబ్బై నాలుగులో పద్నాలుగు దీపాలొచ్చాయి. నల్లటి ఇనప స్తంభాలు, పైన గుండ్రటి గాజు బుడ్లు, పసుపు వెలుగు. కింద మల్బరీ చెట్లు.

తర్వాత ఏం జరిగిందో పెద్దగా చెప్పేదేం లేదు. ఫ్యాక్టరీ మూసేశారు. పిల్లలు పెద్దవాళ్లై పని ఉన్న చోటికి వెళ్లారు. ఇళ్లు చేతులు మారాయి. వానలు లేని ఏళ్లు వరసగా వచ్చి తొమ్మిది చెట్లు ఎండిపోయాయి. నాడీన్ పోయింది. కొత్తగా వచ్చినవాళ్లు మంచివాళ్లే, కానీ జూన్ రెండో మంగళవారానికి ఉన్న అర్థం వాళ్లకు ఎవరు చెప్తారు? ముప్పైమంది వచ్చిన చోట పదిమంది, పదిమంది వచ్చిన చోట నలుగురు. రెండువేల పదిహేనులో ఇద్దరే వచ్చారు. అరాక్సీ నడక కర్రతో ముందు వరసలో, డెల్బర్ట్ ఇస్త్రీ చొక్కాతో వెనక వరసలో. ఖాళీ హాల్లో అతను మైకు దగ్గరకొచ్చి తన నాలుగు ముక్కలూ చెప్పి కూర్చున్నాడు. ఓటింగ్ అయ్యాక ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, తన ట్రక్కులో ఎక్కించుకుని వెళ్లాడు. ఆ ఏడు గడ్డిలో బల్లలు వెయ్యలేదు. నేను ఇంటికెళ్లి సూపు వేడి చేసుకుని తిన్నాను.

మరుసటి జనవరిలో అరాక్సీ నా కౌంటరు దగ్గరకు వచ్చింది. ఎనభై ఆరేళ్లు. కుర్చీ తెచ్చి వేస్తే కూర్చోకుండా నిలబడే అడిగింది.

"ఒక మండలాన్ని రద్దు చెయ్యాలంటే ఏం చెయ్యాలి, ఇల్డా?"

ఏ మండలమని అడిగాను.

"నాకేమన్నా పది మండలాలున్నాయా?"

ఆవిడ కోటు గుండీలు విప్పుకుని అప్పుడు కూర్చుంది. మల్బరీ వీధి చివర నుంచి పెప్పర్ సందు అని ఒకటి వెనక్కి పోతుంది. పాత గిడ్డంగులు పడగొట్టి అక్కడ మూడు అద్దె భవనాలు కట్టారు. బాదం పప్పు ప్యాకింగ్ ప్లాంటులో పనిచేసే ఆడవాళ్లంతా అందులోనే ఉంటున్నారు. సందులో ఒక్క దీపం లేదు. మండలం డబ్బుతో అక్కడ రెండు దీపాలు వెయ్యమని అరాక్సీ నాలుగేళ్లుగా అడుగుతూనే ఉంది. మండలం డబ్బు మండలం హద్దు దాటకూడదని నగర ఇంజనీరు ప్రతిసారీ చెప్పాడు. హద్దు పెంచుదామంటే సందులోని భవనాల యజమానులు ఒప్పుకోవాలి. వాళ్లెవరూ ఈ ఊళ్లో ఉండరు. వద్దని రాసి పంపారు. ఇప్పుడు నగరానికి రాష్ట్రం నుంచి దీపాల కోసం నిధి వచ్చింది. కానీ సందులోకి కరెంటు తీగ లాగాల్సింది మల్బరీ వీధి స్తంభాల మీదుగా. ఆ స్తంభాలు మండలానివి. మండలం ఉన్నంతకాలం నగరం వాటిని ముట్టుకోకూడదు.

"నిన్న ఇంజనీరు నోరు జారి చెప్పాడు, దారికి అడ్డం నేనేనని," అంది అరాక్సీ. "మండలం పోతే వీధి దీపాలూ సందు దీపాలూ అన్నీ నగరమే చూసుకుంటుందట. పాత స్తంభాలు పీకేసి కొత్తవి పాతుతారట."

మీకు బాధగా లేదా అని అడిగాను.

"బాధ ఎందుకుండదు? నేను రాజేసిన పొయ్యి. నేను ఉండగా ఆర్పుకుంటే బూడిదైనా శుభ్రంగా ఎత్తుతాను. నేను పోయాక ఎవరో వచ్చి బిందెడు నీళ్లు కుమ్మరిస్తే ఇల్లంతా మసే." ఆ తర్వాత చేతి సంచిలోంచి నోటు పుస్తకం తీసింది. "సరే, చెప్పు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

చెప్పాను. ఇళ్ల యజమానుల అర్జీ రావాలి. దాని మీద కౌన్సిల్ రద్దు చెయ్యాలన్న ఉద్దేశాన్ని తీర్మానంగా ప్రకటించాలి. ప్రతి ఇంటికీ నోటీసు వెళ్లాలి, పేపర్లో ప్రకటన పడాలి. తర్వాత విచారణ. రద్దు వద్దని సగంమంది కంటే ఎక్కువ యజమానులు రాసిస్తే ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది. లేకపోతే కౌన్సిల్ ఓటు వేస్తుంది. ఆవిడ అన్నీ రాసుకుంది. మార్చిలోగా అర్జీ తెచ్చింది, ముప్పై ఒక్క సంతకాలతో. డెల్బర్ట్‌ది మామూలుగానే లేదు.

ఏప్రిల్ చివర నలభై ఆరు నోటీసులు నా చేత్తోనే కవర్లలో పెట్టి పంపాను. మూడో రోజు పొద్దున్న ఆఫీసు తలుపు తీసేసరికి డెల్బర్ట్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చేతిలో ఆ కవరే.

"ఇది నువ్వు పంపిందేనా?"

"చట్టం పంపమంది. స్టాంపు నేనే అంటించాను."

"ఆపాలంటే ఎన్ని కాగితాలు కావాలి?"

సగానికి పైన ఒకటి, ఇరవై నాలుగు అని చెప్పాను. అతను పెదవులు కదుపుతూ ఆ అంకెను లోపల్లోపల అనుకున్నాడు. నేను ఉండబట్టలేక అడిగేశాను. "నలభై రెండేళ్లుగా ఈ మండలం వద్దంటున్నది మీరే కదా, మిస్టర్ స్ట్రౌడ్?"

"వద్దన్నాను. పొమ్మన్లేదు," అన్నాడు.

ఆ మే నెలంతా అతను వీధిలో ఇల్లిల్లూ తిరిగాడు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, మోకాళ్లు సరిగా వంగవు. వెళ్లిన ప్రతి వంటింట్లోనూ గంటసేపు కూర్చునేవాడట. మండలం గురించి వాదించేవాడు కాదట. జూన్ సాయంత్రాల గురించి చెప్పేవాడు, ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చునేవారో, ఏ పిల్లాడు ఏ చెట్టు మీద నుంచి పడ్డాడో, ఇప్పుడు మీరుంటున్న ఈ ఇంట్లో అప్పుడు ఎవరుండేవారో. కొత్తవాళ్లు కాఫీ పోసి వినేవారు, విన్నాక సంతకం పెట్టేవారు. ఆ కాగితాలు ఒకటీ రెండూ చొప్పున నా దగ్గరకు తెచ్చేవాడు. నేను వాటి మీద తేదీ ముద్ర వేసేదాన్ని. తొమ్మిదిమంది అరాక్సీ అర్జీ మీదా పెట్టారు, ఇతని అభ్యంతరం మీదా పెట్టారు. వాళ్లలో ఒకాయన్ని అడిగితే, ఇద్దరు పెద్దవాళ్లు మా గుమ్మంలోకొచ్చి అడిగితే ఎవరిని కాదంటామండీ అన్నాడు. గోడ మీది పిల్లి అని అతన్ని తిట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఇంత జరుగుతున్నా డెల్బర్ట్ శుక్రవారం శుక్రవారం అరాక్సీని బజారుకు తీసుకెళ్లడం మానలేదు. ట్రక్కులో ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోకుండా వెళ్లి, ఎవరి సంచులు వాళ్లు నింపుకుని, అలాగే వచ్చేవారని ఆ వీధివాళ్లు చెప్పారు. అతనే ఆవిడ సంచులు వంటింటి దాకా మోసి, బల్ల మీద పెట్టి, టోపీ సర్దుకుని వెళ్లిపోయేవాడట.

విచారణకు ముందురోజు ఇరవై నాలుగో కాగితం తెచ్చాడు. అది అతనిదే. తనది ఆఖరున ఇవ్వాలని అట్టేపెట్టుకున్నాడు.

జూన్ రెండో మంగళవారం నేను ఆరింటికే హాలు తలుపులు తెరిచాను. మామూలుగా అయితే ముందు రెండు వరసలకే లైట్లు వేసేదాన్ని. ఆరుంపావుకి కిటికీలోంచి చూస్తే వాళ్లు వస్తున్నారు. నడుచుకుంటూ, మొత్తం వీధి. ఇస్త్రీ చొక్కాలు, దువ్విన తలలు. ఇరవై ఏళ్ల క్రితం ఊరు వదిలినవాళ్లు కూడా సంగతి తెలిసి మూడు నాలుగు గంటలు కార్లు నడుపుకుంటూ వచ్చారు. ఒకప్పుడు తడి పాపిళ్లతో వచ్చిన పిల్లలకు ఇప్పుడు బట్టతలలు. హాల్లో చోటు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. అన్ని లైట్లూ వేసి రావడానికి లేవాల్సి వచ్చి, ఆ వంకతో కళ్లు తుడుచుకున్నాను.

మేయరు ఎస్కలాంటే విచారణ ప్రారంభించాడు. నేను లేచి, నోటీసులు పంపామనీ, ప్రకటన వేశామనీ, రాతపూర్వకమైన అభ్యంతరాలు ఇరవై నాలుగు వచ్చాయనీ చదివాను. విచారణ ముగిసే లోపల ఎవరైనా రాసిచ్చి తమ అభ్యంతరం వెనక్కి తీసుకోవచ్చని కూడా చదివాను, ఎందుకంటే నియమం అది. హాలంతా గుసగుసలు. ఆ అంకె నిలబడితే మండలం నిలబడినట్టే.

మొదట డెల్బర్ట్ లేచాడు. మాట్లాడటానికి మూడు నిమిషాలిస్తాం. ఈసారి అతను పేరూ ఇంటి నంబరూ చెప్పాక పాత మాటలు ఎత్తుకోలేదు.

"నాడీన్ ఫ్యాక్టరీ నుంచి వస్తుంటే నేను వరండాలో కూర్చునేవాణ్ణి," అన్నాడు. "మూల మీద మొదటి దీపం కింద కనబడేది. మళ్లీ చీకట్లో కలిసిపోయేది. రెండో దీపం కింద మళ్లీ కనబడేది. ఏడో దీపం దగ్గర మా గేటు. అయిదో దీపం కిందకి రాగానే నేను లోపలికెళ్లి కాఫీ పొయ్యి మీద పెట్టేవాణ్ణి. ఇరవై మూడేళ్లు అలా చూశాను. ఆ పన్ను నాకిష్టం లేదు, ఇప్పటికీ లేదు. కట్టాను. ఇప్పుడు రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే వరండాలోకొచ్చి ఆ ఏడు దీపాలూ చూసుకుంటాను. అవి పీకేస్తే నేనెటు చూడాలో ఎవరైనా చెప్పండి."

మేయరు గడియారం ఆపేసి ఉంచాడు. డెల్బర్ట్ వెళ్లి కూర్చున్నాడు.

తర్వాత అరాక్సీ వచ్చింది. మైకు ఆవిడకు ఎత్తు. ఎవరో వంచి పెట్టబోతే అక్కర్లేదంది.

"డెల్బర్ట్ అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు," అంది. "ఆ నడకలో నాడీన్ పక్కన నేనూ ఉన్నాను. మా ఆయన కూడా వరండాలో కూర్చునేవాడు, కాకపోతే ఆయన నిద్రపోయేవాడు." జనం నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "నేను చెప్పాల్సింది నాలుగేళ్లుగా చెప్తూనే ఉన్నాను. ఈవేళ నా బదులు ఇంకొకావిడ చెప్తుంది. ఆవిడకు ఇక్కడ ఇల్లు లేదు, అద్దెకుంటుంది, కాబట్టి కాగితం ఇచ్చే హక్కు లేదు. వినే హక్కు మీకుంది."

పక్క వరసలోంచి ముప్పై అయిదేళ్లావిడ లేచింది. పేరు యుఫీమియా క్రూస్, పెప్పర్ సందులో మూడో భవనం. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, చొక్కా చేతుల మీద బాదం పొట్టు. స్పానిష్‌లో మాట్లాడింది, నేను వాక్యం వాక్యం తిప్పి చెప్పాను. పదకొండున్నరకు షిఫ్టు వదులుతారని చెప్పింది. మల్బరీ వీధిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుందట, ఆఖరి దీపం దాటాక సందులో మూడొందల అడుగులు కళ్లు పొడుచుకున్నా కనబడదట. కిందటి శీతాకాలంలో ఒకామె చేతిసంచి లాక్కుపోయారు. ఇంకొకామె పనే మానేసింది.

ఆవిడ కూర్చోబోతుంటే వెనక వరసలోంచి డెల్బర్ట్ గొంతు వినబడింది. మైకు లేకుండా అడగకూడదు, కానీ మేయరు ఆపలేదు.

"వచ్చేటప్పుడు పాటలు పాడతారా మీరు?"

నేను స్పానిష్‌లో అడిగాను. యుఫీమియా అతనివైపు తిరిగి తల అడ్డంగా ఊపింది.

"పాడం," అంది. "ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తాం. అవతల ఎవరూ ఉండరు."

నేను అది ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. మేయరు ఇంకెవరైనా మాట్లాడతారా అని అడిగాడు. ఎవరూ లేవలేదు. ఒకసారి అడిగి, రెండోసారి అడిగాడు. డెల్బర్ట్ టోపీ ఒళ్లో పెట్టుకుని దాని అంచు తిప్పుతున్నాడు. అరాక్సీ ముందు వరసలో కూర్చుని వెనక్కి తిరగకుండానే, అందరికీ వినబడేలా అంది:

"నేను నిన్ను వెనక్కి తీసుకోమని అడగను, డెల్బర్ట్. నీ కాగితం నీది."

"అడగరని తెలుసు, మిసెస్ బోయాజియన్," అన్నాడతను. నలభై రెండేళ్లుగా పక్కపక్క ఇళ్లలో ఉంటూ ఆవిడను ఇంకోలా పిలవలేదు.

లేచి నా బల్ల దగ్గరకు వచ్చాడు. ఆ నడక చాలాసేపు పట్టింది. తన కాగితం ఇవ్వమన్నాడు. అలా ఇవ్వకూడదనీ, రాసివ్వాలనీ మెల్లగా చెప్పి నా కలం ఇచ్చాను. ఆ రోజు కార్యక్రమ పత్రం వెనక్కి తిప్పి, బల్ల మీద వంగి రాశాడు. చదవమన్నట్టు నా ముందుకు తోశాడు. చదివాను. "నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. డెల్బర్ట్ స్ట్రౌడ్, పద్దెనిమిదో నంబరు. కొత్త దీపాలు పసుపుగా ఉంటే మంచిది."

ఇరవై మూడు. నలభై ఆరులో సరిగ్గా సగం, సగానికి పైన కాదు. మేయరు విచారణ ముగించాడు. నేను అయిదు పేర్లూ పిలిచాను, అయిదుగురూ అవునన్నారు. తీర్మానానికి నంబరు వేశాను. మండలం పుట్టడానికి ఎనిమిది నెలలు పట్టిందని అరాక్సీ చెప్పేది. పోవడానికి ఓటు దగ్గర నిమిషం కూడా పట్టలేదు.

బయటికొచ్చాక ఎవరూ ఇళ్లకు కదల్లేదు. ఎండ పూర్తిగా దిగేదాకా నగర కార్యాలయం మెట్ల మీదే నిలబడి మాట్లాడుకున్నారు. వండిన వంట ఏదీ లేదు. ఎవరో పక్క వీధి బండి నుంచి, మొక్కజొన్న పొట్టులో చుట్టి ఉడికించిన తమాలెలు తెస్తే చేతుల్లోనే తిన్నారు. పెద్దవాళ్లు నాడీన్ పాడే పాట ఒకటి గుర్తు చేసుకోబోయి, రెండో చరణం దగ్గర ఎవరికి వాళ్లు వేరేగా పాడి, నాదే నిజమంటే నాదే నిజమని పోట్లాడుకున్నారు. డెల్బర్ట్ వాళ్లందరిదీ తప్పేనన్నాడు. సరైనది మాత్రం పాడలేదు.

దీపాలు రావడానికి మార్చి దాకా పట్టింది. సందులో నాలుగు వేశారు, అడిగిన దానికంటే రెండు ఎక్కువ. వీధిలో పాత స్తంభాల చోట కొత్తవి పాతారు. అన్నీ తెల్లటివే, పసుపువి కాదు. డెల్బర్ట్ మూడుసార్లు నా కౌంటరుకొచ్చి ఫిర్యాదు రాసిచ్చాడు, ఆస్పత్రిలో పడుకున్నట్టుందని. మూడింటి మీదా ముద్ర వేశాను. వరండాలో కూర్చోవడం మానేశాడా అని అడిగితే, లేదు, కుర్చీ ఇటు తిప్పుకున్నాను, ఇప్పుడు సందు మొగ కనబడుతుంది అన్నాడు. యుఫీమియా వాళ్లు దాటేటప్పుడు చెయ్యి ఊపుతారట.

కానీ ఆ మండలం అనగానే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఓటు జరిగిన మరుసటి నెల, జూలైలో ఒక గురువారం. రద్దు తీర్మానాన్ని కౌంటీ కేంద్రానికి తీసుకెళ్లి దస్తావేజుల ఆఫీసులో నమోదు చేయించాలి. నలభై ఆరు ఇళ్ల మీదా ఉన్న ఆ పన్ను హక్కు అప్పుడే చట్టప్రకారం చెరిగిపోతుంది. పోస్టులో పంపినా సరిపోతుంది. అరాక్సీ తాను చూడాలంది. ఆవిడ వస్తానంటే డెల్బర్ట్ తీసుకెళ్తానన్నాడు. ముగ్గురం అతని ట్రక్కులో ముందు సీట్లో ఇరుక్కుని వెళ్లాం, నేను మధ్యలో, ఒళ్లో కవరు.

ఆ ఆఫీసులో అద్దం వెనక ఉన్న కుర్రాడు కాగితం తీసుకుని, పేజీలు తిరగేసి, ముద్ర కొట్టి ఇచ్చేశాడు. అరాక్సీ అద్దం దగ్గరకు జరిగి, అంతేనా బాబూ అని అడిగింది. అంతేనమ్మా అన్నాడతను. ఆవిడ ఆ ముద్ర మీద వేలు పెట్టి చూసుకుంది. సిరా అంటుకుంటే చేతిరుమాలుతో తుడుచుకోకుండా అలాగే ఉంచుకుంది.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్క దుకాణంలో పీచ్ పళ్లు కొన్నాం. ఫ్యాక్టరీ రోజుల్లో ఇలాంటి కాయల్ని అవతల పారేసేవాళ్లమని అరాక్సీ అంటే, అప్పుడు పారేశారు కాబట్టే ఫ్యాక్టరీ మూతబడిందని డెల్బర్ట్ అన్నాడు. నువ్వు నోరు మూసుకుని బండి నడుపు అంది ఆవిడ. ఏప్రిల్ తర్వాత ఆ ట్రక్కులో వాళ్లు మాట్లాడుకున్న మొదటి మాటలు అవేనేమో. పండు సగం తిని, మిగతాది రుమాల్లో చుట్టి పెట్టుకుని, ఆవిడ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. రోడ్డు గతుకులుగా ఉంది. డెల్బర్ట్ వేగం తగ్గించాడు, ఇంకా తగ్గించాడు. వెనక టమాటా లారీలు హారన్లు మోగించాయి. అతను బండిని అంచుకు తీసి వాటికి దారిచ్చి, ఆవిడ లేవలేదు కదా అని నా మీదుగా ఒకసారి వంగి చూసి, మళ్లీ అదే వేగంతో నడిపాడు. గంట దారి రెండు గంటలు పట్టింది.